ఒక సౌండు తక్కువ

జమ్మలమడుగు నుంచి గేటు పెద్దాయన ఫోన్ చేసేసరికి నేను పులివెందులలో, మా బడిలో, ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ఆయన ఒకప్పుడు అక్కడి సినిమా హాల్లో టికెట్లు చించే గేటు దగ్గర పనిచేసిన మనిషి. "మీ ఆపరేటర్ మామ పోయినాడప్పా. పొద్దున కుర్చీలో కూసున్నోడు కూసున్నట్లే ఉండాడంట. నేను ప్రొద్దుటూరికి బయలుదేరినా, నువ్వూ రా" అన్నాడు. ఎర్ర పెన్నుకు మూత పెట్టి, హెడ్మాస్టరుకు ఒక మాట చెప్పి బస్టాండుకు పోయాను. ఎన్నో ఆదివారాలుగా ఎక్కకుండా వాయిదా వేసిన బస్సు ఆ రోజు నా కోసమే ఉన్నట్టు నిలబడి ఉంది.

ఆయన ఎవరో మీకు చెప్పాలి. నాకు రక్తసంబంధం కాదు. ప్రొద్దుటూరులో మా పక్క వాటాలో ఉండేవాడు కాబట్టి మామ అయ్యాడు. జమ్మలమడుగు హాల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ నడిపాడు కాబట్టి ఆపరేటర్ మామ అయ్యాడు. రీళ్లు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు, "మీట నొక్కేదానికి నేనెందుకప్పా, ఎవురైనా నొక్కుతారు" అని పని మానేసి ఇంటికొచ్చాడు. వచ్చిన రెండేళ్లకే అత్త పోయింది. పిల్లలు లేరు. మేము కూడా మా వాటా ఖాళీ చేసి తలోదిక్కుకు వెళ్లిపోయాం. ఆయన మాత్రం ఆ ఇంట్లోనే, ఒక టీవీతో మిగిలాడు.

పుర్రెకో బుద్ధి అంటారు. మామ బుద్ధి మొత్తం బొమ్మ మీదనే ఉండేది. ఎవరింటికి పోయినా ముందు టీవీ వైపు చూసేవాడు. బొమ్మ అడ్డంగా సాగి ఉంటే ఆయనకు ఇచ్చిన కాఫీ కూడా దిగేది కాదు. "మనుషుల్ని నొక్కి లావు చేసినారు గదప్పా, ఆ రిమోట్ ఇట్లియ్యి" అనేవాడు. మా వీధిలో ఆయన వస్తున్నాడంటే రిమోట్ దిండు కింద దాచేవాళ్లు. అది తెలిసి, ఆయన ముందు దిండు కిందే వెతికేవాడు.

ఆయనకు ప్రాణమైన సినిమా ఒకటుంది. డబ్బింగ్ సినిమా. అందులో హీరోకు ఆకాశంలో ఎగిరే శక్తి ఉంటుంది గానీ దిగడం చేతకాదు. దిగిన ప్రతిసారీ బట్టలారేసిన తీగల మీదో, కూరగాయల బండి మీదో పడతాడు. లోకాన్ని కాపాడటం కంటే కిందికి దిగడమే అతనికి పెద్ద కష్టం. జమ్మలమడుగులో అది మూడు వారాలు ఆడింది. మా వీధి పిల్లలందరూ మామ వెంట పోయి చూశారు, ఆటలమ్మ పోసి నేనొక్కడినే చూడలేదు. ఆ సంగతి మామ ఎప్పటికీ మరిచిపోలేదు. "నీకొక సినిమా చూపించాల్సి ఉందప్పా" అని నాకు పెళ్లయ్యాక కూడా అనేవాడు.

ఈ మధ్య ఆ సినిమాను శుభ్రం చేసి బ్లూరే డిస్కుగా విడుదల చేశారని తెలిసింది. తెలుగు మాటలు కూడా ఉన్నాయట. డిస్కూ, దాన్ని ఆడించే ప్లేయరూ తెప్పించి, ఒక సంచి నిండా చీనీకాయలు, అవే బత్తాయిలు, తీసుకుని ఒక ఆదివారం ప్రొద్దుటూరు వెళ్లాను. మామ కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని, పరీక్ష రాయబోయే వాడిలా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నలుపు నల్లగా ఉండాది. శానా మంచిది. నలుపు బూడిదకు తిరిగిందంటే సినిమా సచ్చినట్లే" అన్నాడు మొదట. కాసేపటికి పెదవి విరిచాడు. "గీతలు తుడిసినారు సరే, మొగాల మీద ముడతలు గూడా తుడిసేసినారే. ఈ ముసలాయన పెండ్లికొడుకు మాదిరుండాడు." ఇంకాసేపటికి, "కుడిపక్క పైన చుక్క యాడబాయ?" అన్నాడు. రీలు అయిపోయే ముందు తెర మూలన ఒక గుండ్రటి చుక్క వస్తుందట. అది కనబడగానే ఆపరేటరు పక్కనున్న రెండో ప్రొజెక్టర్ మిషన్ నడపాలి. డిస్కు చేసినవాళ్లకు అది మరకలా కనిపించి తీసేసి ఉంటారు. చుక్క లేకపోయినా మామ కుడిచెయ్యి మాత్రం సమయానికి కుర్చీ మీంచి కొంచెం లేచి మళ్లీ దిగేది. ఆయనకు తెలియకుండానే లేచేది.

హీరో మొదటిసారి బట్టల తీగల మీద పడబోతుండగా మామ గబగబా లేచిపోయి వీధి తలుపు తీశాడు. ఎండంతా వచ్చి టీవీ మీద పడింది. "మామా, తలుపెయ్యి. బొమ్మ తెల్లగా పోతాంది" అన్నాను, బొమ్మ గురించి ఆయనకే పాఠం చెబుతూ. "ఔను గదా" అని మూసి వచ్చి కూర్చున్నాడు. ఉక్కకు తీశాడనుకున్నాను.

హీరో ఒక నీళ్ల ట్యాంకు మీద ఇరుక్కుని కిందికి చూసి కళ్లు మూసుకునే చోట రిమోట్ నొక్కి బొమ్మ ఆపాడు. "ఇంటర్వల్" అన్నాడు. డిస్కులో ఇంటర్వల్ లేదు. ఆ రోజుల్లో ఎక్కడ ఆపాలో ఆయనే తేల్చి అక్కడ ఆపేవాడట. టీ పెట్టి తెచ్చాడు. నేను గడియారం చూశాను. మరుసటి రోజు బడి, ఇంటి దగ్గర పనులు. "సెకండాఫ్ వచ్చే ఆదివారం చూద్దాం మామా" అన్నాను.

"సరేప్పా. వాణ్ని ఆ ట్యాంకు మీదనే ఉండనీ. నువ్వొచ్చినాక దింపుదాం. నవ్వే సినిమా ఒక్కడే చూడకూడదు" అన్నాడు.

వచ్చే ఆదివారం బంధువుల పెళ్లి. ఆ తర్వాతి ఆదివారం ఎన్నికల డ్యూటీ ట్రైనింగ్. ఆ తర్వాత పంటి నొప్పి. కారణాలు నిజమైనవే, ఒక్కటీ అబద్ధం కాదు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు మాత్రం అంత దూరమేమీ కాదు.

మామ శనివారాలు ఫోన్ చేసేవాడు. "ఫస్టాఫ్ మళ్లా ఏసి చూసినాప్పా. బొమ్మకు వంక పెట్టేదానికి ల్యా. సౌండే, ఏదో ఒక సౌండు తక్కువుండాది."

"ఏ సౌండు మామా? మాటలా, మ్యూజిక్కా?"

"సెప్పేదానికి రాదు. నువ్వొచ్చి వింటే తెలుస్తాది."

నేను తెలివైనవాణ్ని కదా, ఇంటర్నెట్లో వెతికాను. ఆ డిస్కులో తెలుగు మాటల సౌండు కొంచెం పీలగా ఉందని ఒకరిద్దరు రాశారు. సమస్య దొరికిందని సంబరపడి ముందు మంచి కేబుల్ పంపాను. తర్వాత ఒక జత స్పీకర్లు కొని బస్సు పార్సిల్లో వేశాను. ఆయనే బిగించుకుని ఫోన్ చేశాడు. "ఇప్పుడు గోడలు అదుర్తాండాయప్పా. శానా బాగుండాది. ఆ సౌండు మాత్రం ఇంగా తక్కువే."

నాకు విసుగొచ్చింది. "డిస్కులో లేని సౌండు నేను యాడ నుంచి తెచ్చేది మామా?" అన్నాను. "నిజమేలేప్పా" అన్నాడు. చీనీకాయలు ఈసారి కాపు ఎట్లుంది అని అడిగి పెట్టేశాడు. అదే ఆఖరి ఫోన్.

శ్మశానం నుంచి తిరిగొచ్చి, స్నానం చేసి మెట్ల మీద కూర్చున్నప్పుడు గేటు పెద్దాయన తనలో తాను నవ్వుకున్నాడు. "ఆ ఎగిరేవాని సినిమా ఆడినన్నాళ్లు మీ మామతో నాకు కొట్లాటే. వాడు కిందబడే సీను రాంగానే ప్రొజెక్టర్ క్యాబిన్ తలుపు బార్లా తీసేవోడు. మిషన్ సప్పుడు హాల్లోకి వస్తాందని జనం నా మింద అరిసేది. ఎందుకు తీస్తావప్పా అంటే, 'ఈ క్యాబిన్ కిటికీ అద్దంలోంచి జనం భుజాలు అదిరేది కనపడతాది, నవ్వు మాత్రం వినపడదు. ఒక్క నిమిసం విననీ' అనేవోడు."

నేను తల వంచుకున్నాను. వచ్చి పక్కన కూర్చుని నవ్వమని నన్ను అడగాలని అన్ని శనివారాలు చూసి, అడగలేక సౌండు మీద పెట్టాడు. నేను కేబులు పంపాను, స్పీకర్లు పంపాను. పోయి పక్కన కూర్చోలేదు. తలుపు తీస్తే అది కూడా మూయించాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద కోపం వస్తుంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక, ఆయన అక్క కొడుకు నన్ను పిలిచి, "ఈ ప్లేయరు నువ్వు తెచ్చిందే గదన్నా, నువ్వే తీసుకపో" అని చెప్పి, సామాన్లు సర్దడానికి మిద్దె మీదికి వెళ్లాడు. వైర్లు పీకబోయి ఒకసారి ఆన్ చేశాను. ఆ ప్లేయరుకు ఆపిన చోటు గుర్తుంటుంది. తెర వెలిగింది. హీరో నీళ్ల ట్యాంకు మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. మామ మాట తప్పలేదు, అక్కడి నుంచి ఒక్క నిమిషం ముందుకు పోలేదు.

కుర్చీ పక్కన నేల మీద కూర్చుని మీట నొక్కాను. నలుపు నల్లగానే ఉంది. మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఊరంతా కిందినుంచి చూస్తుండగా హీరో గుండె చిక్కబట్టుకుని ట్యాంకు మీంచి దూకాడు. నేను లేచిపోయి వీధి తలుపు బార్లా తీశాను. ఎండ పడి బొమ్మ సగం తెల్లబోయింది. ఆ తెలుపులోనే హీరో పోయి పోయి పెళ్లి బ్యాండు డప్పుల మధ్యలో పడ్డాడు. నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేరు. తలుపు అట్లాగే తీసిపెట్టి సినిమా చివరిదాకా చూశాను.