మస్కట్ నుండి రావలసిన చీర

గత వేసవిలో మాచవరంలో మా అమ్మ మరణించింది. మా వైపు ఆడమనిషిని సాగనంపే ముందు పుట్టింటివారు చీర కప్పాలి. అమ్మకు మిగిలిన పుట్టిల్లు మస్కట్‌లో తాపీపని చేసే మా మామయ్య ఒక్కడే. మామయ్యకు కబురు చెప్పాక, ఎంతసేపట్లో వస్తాడని, ఇంట్లో డిగ్రీ చదివినది నేనే కనుక అందరూ నన్నే అడిగారు. ఫోన్‌లో చూసి, హైదరాబాద్‌కు విమానంలో మూడు గంటలేనని చెప్పాను. సాయంత్రానికి వస్తాడని అందరూ ఆగారు.

పొద్దు వాలినా మామయ్య రాలేదు.

"ఏమే, మూడు గంటలంటివి గదా! మాచర్ల బస్సు గూడా ఇంత లేటు కాదు," అని పెదనాన్న అందరి ముందూ ఎత్తిపొడిచాడు.

అంతలో మామయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. "పాస్‌పోర్టు కంపెనీవోళ్ళ కాడుంది తల్లీ. పని అయ్యేదాకా ఇవ్వం అంటన్నారు. నా కోసం ఆగమాకండి."

చివరకు పెదనాన్న కొన్న చీరతోనే, పుట్టిల్లు లేనిదానిలా అమ్మ వెళ్ళిపోయింది.

పెద్దకర్మ కూడా అయిపోయాక మామయ్య చీర పట్టుకుని వచ్చాడు. దాన్ని ఎవరికి కప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇమానం నువ్వు చెప్పినట్టే మూడు గంటల్లో దింపింది తల్లీ," అన్నాడు.

ఇప్పుడు ఎవరైనా తమవాళ్ళు ఎన్ని గంటల్లో వస్తారని నన్నడిగితే, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని ముందు అడుగుతున్నాను.