పగడాల తొట్టిలో మంచినీళ్లు

మొన్న పంటినొప్పికి మైలాపూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళితే, నా వంతు వచ్చేదాకా కూర్చోబెట్టిన గదిలో గోడ పొడవునా ఒక అద్దాల తొట్టి, అందులో పగడపు రాళ్లు, వాటి సందుల్లో నారింజ రంగు చేపలు కనిపించాయి. తొట్టి పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని కనుక కంటపడిన ప్రతి కాగితమూ చదవనిదే నాకు తోచదు. డబ్బా మీది తమిళాన్ని కూడబలుక్కుని చదివాను. వడకట్టిన నీళ్లలో ఇన్ని కొలతల ఉప్పు కలిపితే సముద్రపు నీరు తయారవుతుందట. అక్కడి నుంచి నడిచిపోతే సముద్రం అరగంట దూరం లేదు, వీళ్లేమో సముద్రాన్ని పొడి చేసి డబ్బాలో పెట్టుకున్నారు. నవ్వుదామంటే పన్ను నొప్పి.

నేను పుట్టింది ఎన్నూరు దాటాక, ఉప్పు కయ్యల్లో. మా నాన్న కయ్యలో నీళ్లు ఎంత చిక్కబడ్డాయో నాలుక మీద ఒక చుక్క వేసుకుని చెప్పేవాడు. సందేహం వస్తే ఇసుక పోసి, మైనంతో మూతి మూసిన చిన్న మందుసీసాను నీళ్లలో వదిలేవాడు. నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ సీసా పైకి తేలుతుంది. నాకు ఆ విద్య తప్ప మరొకటి రాదు. పెళ్లయి వడపళని చేరాక, మా ఆయన సెట్టింగులకు చెక్కపని చేసే స్టూడియోలోనే నేనూ ఊడ్చే పనికి కుదిరాను. అది డెబ్బైల నాటి మాట.

ఆ రోజుల్లో ఒక కంపెనీ వాళ్లు సినిమాలో జమీందారు మేడ కోసమని పది అడుగుల అద్దాల తొట్టి కట్టించి, రామేశ్వరం వైపు నుంచి బతికున్న పగడాలు, చేపలు, పువ్వులాగా విచ్చుకుని ముడుచుకునే ఒక వింత జీవిని తెప్పించారు. తెచ్చిన పెద్దాయన నాలుగు రోజులుండి, మిగతావాళ్లంతా నీచువాసనని ముక్కు మూసుకుంటే, దగ్గరికొచ్చిన నాకే అన్నీ అప్పగించి పోయాడు. వారానికొకసారి తొట్టి నీళ్లలో ఐదో వంతు తీసి కొత్తవి పోయాలి, అంతకు మించకూడదు. కొత్త నీళ్లు తిరువాన్మియూరులో అలలు విరిగే చోటు దాటి పడవలో పోయి పట్టాలి, పీపాల్లో మూతేసి చీకటి కొట్లో వారం నిలవబెట్టాలి, ఆపైన ఉతికిన పంచెలో వడగట్టాలి. నేను అలాగే చేసేదాన్ని. నాన్న సీసాలాంటిదే ఒకటి చేసుకుని, తొట్టిలో ఉప్పు సరిగ్గా ఉన్నప్పుడు అది ఎంతవరకు మునిగిందో అక్కడ ఒక దారం కట్టుకున్నాను. పువ్వు నిండుగా విచ్చుకునేది, దాని రేకుల్లో రెండు చేపలు కాపురం చేసేవి.

వేసవిలో మా అమ్మ పోతే ఎన్నూరు వెళ్లి, కర్మలన్నీ అయ్యాక పన్నెండో నాటికి తిరిగి వచ్చాను. వచ్చేసరికి పువ్వు పిడికిలంత ముద్దయి ఉంది, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు మాత్రం అంచుదాకా ఉన్నాయి. ఒక చుక్క నాలుక మీద వేసుకోగానే నాకు తెలిసిపోయింది. సీసా వేసి చూస్తే దారం గోరంత పైకి తేలింది. నేను లేనప్పుడు పెట్టిన షూటింగు లైట్ల వేడికి రోజూ నీళ్లు ఆవిరవుతుంటే, నా బదులు చూసినవాళ్లు తగ్గినప్పుడల్లా సముద్రపు నీళ్లే తెచ్చి నింపారట. ఆవిరయ్యేది నీరేగాని ఉప్పు కాదు కదా, అది తొట్టిలోనే ఉండిపోతుంది. దాని మీద మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే అది తొట్టి కాదు, మా నాన్న ఉప్పు కయ్య.

అక్కడికి నాలుగో రోజున షూటింగు. కొంచెం నీళ్లు తీసి, ఆ మేరకు మంచినీళ్లు పోయాలని ప్రొడక్షను మేనేజరుతో చెప్పాను. ఆయనది గుంటూరు వైపు, గొంతు పెద్దది.

"ఏవమ్మా, మతుండే మాట్లాడుతున్నావా? సముద్రం చేపలకి మంచినీళ్లా? పాలు తగ్గితే పాలు పోస్తారు గానీ నీళ్లు పోస్తారా ఎవరైనా?"

"మీ పాలాయన రోజూ పోస్తా ఉండాడు గదయ్యా" అన్నాను. లైట్లవాళ్లు పకపకా నవ్వారు, ఆయన మొహం కందిపోయింది.

"ఉప్పు జాస్తి అయిపోయింది సార్. ఈడ చూడండి, సీసా పైకి లేచి ఉండాది."

"ఓహో, సీసా చెప్పిందా! అయితే డైరెక్టరు గారి బదులు నీ సీసానే కుర్చీలో కూర్చోబెడతాం. ఇదిగో, ఒక్క చేప చచ్చినా నువ్వూ నీ మొగుడూ ఇద్దరూ గేటు బయటే. స్టూడియో నీళ్లు చుక్క ముట్టుకోవడానికి లేదు."

ఆ వేసవులు మీకూ గుర్తుండే ఉంటాయి, మద్రాసులో తెల్లవారకముందే కొళాయి దగ్గర బిందెల వరస కట్టేవాళ్లం. మా వాటా రోజుకు నాలుగు బిందెలు. మూడు రోజుల నీళ్లు, పన్నెండు బిందెలు, నేను ఆ తొట్టికి మోశాను. కొళాయి నీళ్లకు బ్లీచింగు మందువాసన ఉంటుంది కనుక వెడల్పు గంగాళాల్లో పోసి ఎండలో పెట్టి, వాసన పోయాక, తొట్టిలోంచి ఒక చెంబు తీసి ఒక చెంబు, కాస్త ఆగి మళ్లీ ఒక చెంబు, పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా అందరూ చూస్తుండగానే పోశాను. ఒక్కసారిగా పోస్తే చేపలు తట్టుకోవు. మా ఆయన రంపం పక్కన పెట్టి వచ్చి, మన ఇద్దరి కూడూ పోతుందే, వదిలెయ్యవే అని బతిమాలాడు. పక్కింటి అత్తమ్మ మా పిల్లలకు తన బిందెలోంచి చెంబుడు నీళ్లిచ్చి, "చేపలకు పోసి నీ బిడ్డల నోళ్లు ఎండగడతా ఉండావే, నువ్వేం తల్లివే?" అని వీధంతా వినేలా తిట్టింది. అయినా మరునాడు మళ్లీ బిందె ఎత్తుకున్నాను.

మూడో రోజు సాయంత్రం సీసా దారం దాకా మునిగింది. ఇంకాసేపటికి ఆ ముద్ద ఒక రేకు బయటికి తీసింది, తరువాత మరొకటి. చేపలు కిందికి దిగి అందులో దూరాయి. ఒక్కటీ చావలేదు. మర్నాడు డైరెక్టరు వచ్చి తొట్టి చూసి మెచ్చుకుంటే, మేనేజరు ముందుకొచ్చి, నేనే దగ్గరుండి మంచినీళ్లు పోయించానండీ అన్నాడు. నేను చీపురు కింద పెట్టి వెళ్లి, ఆయన పోయించలేదు సార్, వద్దన్నాడు, ఆ నీళ్లు మా ఇంటివి అని చెప్పాను. షూటింగు అయ్యేదాకా ఉంచి, ఆ పై నెలలో నన్ను పనిలోంచి తీసేశారు. మా ఆయనను ఉంచారు, చెక్కపనికి మనిషి దొరకడు కనుక.

ఆ సినిమాను నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాను. తొట్టి కనిపించేది ఆకువక్క నమిలేంత సేపు కూడా లేదు. హాలంతా హీరోయిన్ను చూసి ఈలలు వేస్తుంటే నేను నీళ్లనే చూశాను.

ఇప్పుడు ఆ హాలు లేదు, స్టూడియో ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, మా నాన్న కయ్యల మీద లారీలు నిలబడుతున్నాయి. ఫ్యాక్టరీల మురికి కలిసిన ఎన్నూరు నీళ్లు నాలుక మీద వేసుకోమంటే నేనే జంకుతాను. నాన్న నేర్పిన ఆ రుచిని ఇంకొకరికి నేర్పుదామన్నా, నేర్పడానికి తగిన సముద్రం ఈడ్నుంచి ఎన్నూరు దాకా ఎక్కడా మిగల్లేదు. ఉద్యోగం పోగొట్టుకున్నందుకు చింత ఉందా అని నా వయసు వాళ్లు అడుగుతుంటారు. పిల్లలు మూడు రోజులు పక్కింటి చెంబు కోసం కాచుకున్నందుకు ఉంది. నోరు తెరిచి నిజం చెప్పినందుకు మాత్రం లేదు. ఆ తెర మీది సముద్రంలో పన్నెండు బిందెలు నావి.