ఆనపకాయ కూరలో రొయ్యపొడి

ఇరవై రెండేళ్ళుగా ఒక పురుగును దాచిపెట్టుకున్నాను. గొంగళిపురుగు. నవ్వకండి, దాని బరువు మోసినదాన్ని నేను. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఆ ఒక్కటీ దాటేసి మిగతా తప్పులు చెప్పుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది పద్మనాభం దగ్గర వరిపొలాల ఊరు. పెళ్ళయి విశాఖలో చేపల వేటకెళ్ళే వాళ్ళింటికి వచ్చాను. అత్తగారు ప్రతి ఆదివారం పొద్దున్నే రెండు కేజీల పచ్చి రొయ్యలు నా ముందు పోసేది. తల తుంచాలి, డిప్ప వలవాలి, వీపు చీల్చి నల్ల నరం లాగాలి. ముల్లు గోటి సందులో గుచ్చుకునేది. వారమంతా మద్దిలపాలెంలో ఉద్యోగం, ఆదివారం రొయ్యలు. మా ఆయనకేమో రొయ్యలంటే ప్రాణం.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆయన స్నానం చేసి వచ్చారు. ఒళ్ళంతా దద్దుర్లు. గోక్కుంటూ గెంతుతున్నారు. తువ్వాలు మునగచెట్టు కింద ఆరేసింది నేనే. దాని మడతలో గొంగళిపురుగు కనిపించింది. పల్లెటూరిదాన్ని, దద్దుర్లు దాని నూగువల్లేనని చూడగానే అర్థమైపోయింది. పురుగును పెరట్లోకి దులిపేసి లోపలికొచ్చి, "రొయ్యలు పడినట్టు లేవు" అన్నాను. అంతే. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందే అనుకున్నానా? లేదనే చెప్పుకుంటాను, కానీ తర్వాతి ఆదివారం రొయ్యల గిన్నె నా ముందుకు రానప్పుడు ఎంత హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నానో గుర్తుంది కనుక ప్రమాణం చేయలేను.

ఆ రోజు నుంచి ఇంట్లో రొయ్యలు బంద్. పెళ్ళిళ్ళలో ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "నాకు పడవు" అనేవారు. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి రొయ్య తినలేని మనిషి. అందరూ అయ్యో అనేవారు. రాను రాను ఆ జాలి కూడా ఆయనకు రుచిగానే ఉన్నట్టుంది, కొంచెం గొప్పగా చెప్పుకునేవారు.

నాలుగేళ్ళ కిందట ఇద్దరం చిన్న ఓడలో విహారానికి వెళ్ళాం. నలభై మందికి మించి పట్టని ఓడ. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి జరుగుతుంటే ఆయన చప్పట్లు కొట్టారు. వంట కాంతమ్మది. తగరపువలస మనిషి, యాభై దాటి ఉంటాయి. ఓడ కదలగానే పుస్తకం పట్టుకుని బల్ల బల్లకీ వచ్చి ఎవరికేది పడదో రాసుకుంది. ఒకరికి తీపి, ఒకరికి ఉల్లి, ఒకావిడకు వంకాయ. మా ఆయన నిటారుగా కూర్చుని, "రొయ్య. వాసన తగిలినా పేనం మీదికొచ్చెత్తాది" అన్నారు. దేవుడా, వాసన కూడానా? ఎప్పటినుంచి?

మధ్యాహ్నం ఆనపకాయ కూర. అందరికీ ఎండు రొయ్యల పొడి వేసి, ఆయనకు వేయకుండా వేరే గిన్నెలో చేసింది. తానే వచ్చి వడ్డించింది. చుట్టూ చేపల వేపుడు వాసన, ఇందులో ఏముందో ఎవరికి తెలుస్తుంది? "ఇదేటి రుచి!" అంటూ మా ఆయన మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. చివరి ముద్ద దగ్గర కాంతమ్మ పరుగెత్తుకొచ్చింది. గిన్నెలు మారిపోయాయి.

ఆయన్ను డెక్కు మీద పడక్కుర్చీలో పడుకోబెట్టారు. ఓడంతా చుట్టూ మూగింది. "నాకేటైనా అయితే బెంగెట్టుకోకు" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. కాంతమ్మ విసనకర్రతో విసురుతూ ఏడుస్తోంది.

"అమ్మా, నా సేత్తో నానే ఒడ్డించీసేను. ఇదివరకు తిన్నప్పుడు ఎంతసేపటికి వచ్చీది?"

చెప్పాల్సిన క్షణం అదే.

"ఒక... గంట" అన్నాను.

"గంట దాటితే గండం గడిసినట్టేనా?"

"రెండు గంటలు చూడాలి."

రెండు గంటలు! ఎందుకన్నాను? నలభై మంది ముందు, అంత ప్రేమగా నా చెయ్యి పట్టుకున్న మనిషి ముందు, పద్దెనిమిదేళ్ళ అబద్ధాన్ని ఏ చివర పట్టుకుని లాగాలో తెలియక, తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. అదంతా సాకేనేమో. ఆవిడ ఏడుస్తూ విసరడం చూస్తూనే ఉన్నానుగా.

రెండు గంటలు గడిచాయి. ఒక్క దద్దురు లేదు. ఆయన చొక్కా విప్పి అందరికీ వీపు చూపించి, "సముద్రం గాలికి రోగం పోనాది!" అని అరిచారు. ఓడంతా ఈలలు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆయన్ను ఎత్తుకుని తిప్పారు. నేనూ చిందులేశాను. నిజంగా ఆనందమేసింది. నేను నోరు విప్పకుండానే నా అబద్ధం చచ్చింది మరి.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన రొయ్యలు తెస్తారు, నేను వలుస్తాను. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత. ఆయన లొట్టలేస్తూ తింటుంటే నాకూ కడుపు నిండుతుంది. ఇంత సంతోషాన్ని అన్నేళ్ళు ఎలా ఆపగలిగాను?

కానీ కాంతమ్మ నా నంబరు తీసుకుంది. నాలుగేళ్ళుగా నెలకోసారి "సార్ బాగున్నారా?" అని అడుగుతుంది. పోయిన నెల మాటల్లో అంది, ఆ రోజు తర్వాత ఆ కూర మళ్ళీ వండలేదట. వాళ్ళమ్మ నేర్పిన కూర. "నా సెయ్యి మీద నాకే నమ్మకం పోనాదమ్మా" అంది. ఆ మాటకు నాకు అన్నం సహించలేదు. గిన్నె మార్చింది ఆవిడే, కానీ ఆవిడకు ఆ భయం పెట్టింది నేను.

ఈ పొద్దున ఫోన్ చేశాను. పురుగు దగ్గర్నుంచి రెండు గంటల దాకా ఆపకుండా చెప్పాను. అవతల పోపు చిటపటలాడుతోంది. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. పర్వాలేదనీ అనలేదు.

"ఐతే నా కూర తిని సార్‌కి ఏటీ అయ్యీది కాదన్నమాట."

"కాదు కాంతమ్మా. అన్నేళ్ళలో ఆయన అంత ఇష్టంగా తిన్నది నీ కూరే."

"నాలుగేళ్ళమ్మా" అంది. ఫోన్ పెట్టేసింది.

ఇక నెలనెలా ఆ పలకరింపు రాకపోవచ్చు. రాకపోతే నాకు తగిన శాస్తే. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటే నవ్వొస్తోంది, ఎందుకో తెలియదు. ఒళ్ళు తేలికైపోయింది. మా ఆయన బజారు నుంచి రావాలి. ఆయన్ను కూడా కూర్చోబెట్టి, రొయ్యలు వలుస్తూ చెప్పేస్తాను.