కత్తెర కదిలే ప్రశ్న

ఊరి గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల నాది. ఎవరూ నాకు రాసివ్వలేదు. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటే నాదైపోయింది. పదో తరగతితో బడి ఆగింది కానీ చదువు ఆగలేదని చెప్పుకోవడం నాకిష్టం. నక్షత్రాల దూరం, పట్టుపురుగు ఆయుష్షు, పాత శాసనాల లిపి, అన్నీ ఆ బల్ల దగ్గరే తెలుసుకున్నాను. మధ్యాహ్నపు ఎండ పుస్తకం మీదికి పాకి, ఒక్కో పంక్తినీ వెలిగించి, మెల్లగా కిందికి జారిపోయేది. ఇబ్రహీంపట్నం బస్సుల హారన్లు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేవి.

ఆ బల్ల దగ్గరే ఒక రోజు పేపర్లో ప్రకటన చూశాను. ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీ గ్రంథాలయంలో సహాయకురాలు కావాలట. పదో తరగతి చాలట. సరిగ్గా అదే వారం మా వదిన తను పనిచేసే కొంగరకలాన్ ఫ్యాక్టరీలో నాకూ పని మాట్లాడి వచ్చింది.

"సోమవారం నుంచి నాతోటి బస్సెక్కాలె. చదివి చదివి కండ్లు ఖరాబ్ చేసుకోకు. ఆడ చీమ తలకాయంత స్క్రూలు చూడాలె" అంది.

ఆ బస్సు తెల్లవారకముందే పోతుంది. తిరిగి వచ్చేసరికి గ్రంథాలయం మూసేస్తారు. కాలేజీ ఇంటర్వ్యూ శుక్రవారం. ఆ ఉద్యోగం దక్కకపోతే కిటికీ పక్క బల్ల ఇక నాది కాదు.

అందుకని నాకు తెలిసిన పనే చేశాను. ఇంటర్వ్యూల మీద ఒక పుస్తకం తెచ్చుకున్నాను. చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటారని, ఏమీ లేదనడం పెద్ద తప్పని అందులో ఉంది. పదకొండు ప్రశ్నలు అందంగా నోటుబుక్కులో ఎక్కించుకుని, పక్కింటి ఖాలా దగ్గరికి వెళ్లాను. ఖాలా జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

"ఖాలా, నువ్వు ప్రిన్సిపాల్ అనుకో."

"అనుకున్న. ముందుగాల ఛాయ్ తెప్పియ్."

నిలబడి మొదటి ప్రశ్న చదివాను. "రాబోయే అయిదేళ్లలో మీ సంస్థను ఏ స్థాయిలో చూడాలనుకుంటున్నారు?"

మిషన్ ఆగింది. "వార్తలు చదువుతున్నవా బేటీ? సరే, గాయన ఏదో చెప్తడు. విని నువ్వేం చేస్తవ్?"

"ఏం చేస్త? వింట."

"మరెందుకడుగుడు?"

రెండోదీ అంతే, మూడోదీ అంతే. దారాలు తెంపినట్టు పదకొండూ తెంపేసింది. నాకు రోషం వచ్చింది. "పుస్తకంల ఉన్నయి ఖాలా!"

"ఉంటయి. నేను జాకెట్ కుట్టేటప్పుడు ఏమడుగుత చెప్పు? పెండ్లి ఎవరిదని అడుగుతనా? పాలిచ్చే తల్లివా, నాట్లకు పోతవా, గాజులు నిండుగ ఏసుకుంటవా, గివే అడుగుత. జవాబు వింటే నా కత్తెర అటో ఇటో జరగాలె. జరగకపోతే గది ఉత్త ముచ్చట."

శుక్రవారం నోటుబుక్కు తీసుకెళ్లాను కానీ తెరవలేదు. ఇంటర్వ్యూ ఆ కాలేజీ గ్రంథాలయంలోనే పెట్టారు. బల్లకు అవతల ప్రిన్సిపాల్, ఆఫీసు మేడం, తెల్లటి మీసాల లైబ్రేరియన్. వాళ్ల వెనక గోడ పొడవునా అద్దాల అల్మారాలు. అద్దాల్లో బయటి ఆకాశం, దాని మీద మబ్బులు, మబ్బుల వెనక పుస్తకాల వీపులు. ఎన్ని పేర్లో! వాళ్ల ప్రశ్నలకు నేను జవాబులు చెబుతూనే ఉన్నాను, కానీ నాలో సగం అప్పటికే అద్దం దాటి లోపల తిరుగుతోంది. మబ్బు పక్కకు జరిగినప్పుడు కనిపించింది, ప్రతి తలుపుకూ ఒక తాళం.

"మీరేమైనా అడుగుతారా?" అన్నారు ప్రిన్సిపాల్.

ఆ తాళాలు ఎప్పుడూ వేసే ఉంటే, రోజంతా అద్దాలకు కాపలా కాయడమే నా పని. దానికంటే వదిన బస్సు నయం, వెంట ఆమె అయినా ఉంటుంది. ఆ ఒక్క సంగతి మీదే నా కత్తెర ఎటు జరగాలో ఆధారపడి ఉంది.

"సార్, ఆ అల్మారాల తాళాలు రోజూ ఎవరు తీస్తరు?"

మేడం పెన్ను ఆగింది. ప్రిన్సిపాల్ లైబ్రేరియన్ వైపు చూశారు. ఆయన మోకాలు నిమురుకున్నారు.

"తీసేటోళ్లు లేకనే గద బిడ్డా నిన్ను పిలిచింది. నాకు లేచి నిలబడుడు అయితలేదు. పిల్లలు గూడ అడుగుడు బంద్ చేసిండ్రు."

సొరుగులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వు తీస్తవా?"

"అవ్ సార్. అన్నీ తీస్త."

ప్రిన్సిపాల్ నవ్వారు. "సోమవారం నుంచి రాగలరా?"

సాయంత్రం వదిన మొహం ముడుచుకుని, "బస్సుల నీ సీటు ఇంకొకరికి చెప్పుకుంట తియ్" అంది. ఖాలా మాత్రం జీతం సంగతి ఎత్తలేదు.

"ఏమడిగినవ్?"

చెప్పాను. తలూపి, మెడలోంచి టేపు తీసింది. బల్ల మీద నాకోసం నీలం బట్ట పరిచి ఉంది.

"అల్మారాల పైన అర ఎంత ఎత్తుల ఉన్నది?"

కళ్లు మూసుకున్నాను. మబ్బులున్న ఆ అద్దం తలుపు తెరుచుకుంది. మునివేళ్ల మీద లేచి, పైవరుస చివరి పుస్తకానికి చెయ్యి చాపాను.

"గట్లనే ఉండు. కదలకు" అని ఖాలా నా చంక దగ్గర టేపు పెట్టింది. తర్వాత బట్ట మీద ముందే సుద్దతో గీసిన చంక గీతను చెరిపి, రెండు వేళ్లు అవతలికి జరిపి గీసింది.