హానోవర్ దాకా వచ్చిన వాగు

జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న ఇన్నేళ్లలో హానోవర్ వెళ్లాల్సిన పని పడలేదు. పోయిన నెల సుగుణ ఫోన్ చేసింది. మా ఊరి పిల్ల, ఏడో తరగతి దాకా నాతో చదివింది. బడి మానేశాక నాతో మాట్లాడటం అదే మొదటిసారి. "మా శ్రావణి మాస్టర్స్‌కని మీ దేశమే వచ్చింది. హానోవర్ల ఉన్నది. ఒక్కసారి పొయ్యి చూసి రా" అంది. ఎట్లున్నవని కూడా అడగలేదు. మూడు వారాలు ఆఫీసు పని అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. నాలుగో శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

పొద్దున ఏడూ నలభైకి ఎస్‌బాన్ లోకల్ రైలు, ఎనిమిదిన్నరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాసెల్ వైపు రీజనల్ రైలు. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లు వేరే టికెట్ కొనక్కర్లేదు. కాసెల్‌లో, గ్యోటింగెన్‌లో మారాలి, దాదాపు ఐదు గంటలు. వేగంగా వెళ్లే రైళ్లూ ఉన్నాయి గానీ, నాకు తొందరేమీ లేదు. పులిహోర డబ్బా సంచిలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ దాటకముందే వాన పట్టుకుంది.

గీసెన్‌లో కీటా, అంటే నర్సరీ బడి, పిల్లల గుంపు ఎక్కింది. అందరికీ రబ్బరు బూట్లు, వాన ప్యాంట్లు, మీద పసుపు జాకెట్లు. టీచరమ్మ ఎక్కేటప్పుడు ఒకసారి, కూర్చున్నాక ఒకసారి తలలు లెక్కపెట్టింది. నాకెందుకో కడుపు మండింది. ఎదుటి సీట్లో ముసలావిడ నా చూపు గమనించి, "మీ దేశంలో వాన పడితే బడికి సెలవా?" అని అడిగింది. "సెలవు లేదు. వాగు ఉండేది" అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో. ఆవిడ మర్యాదకు నవ్వి పుస్తకం తెరిచింది.

మా బడి వాగు అవతలి ఊళ్లో. ఏడో తరగతికి వచ్చేసరికి మా ఊరి నుంచి ఇద్దరమే మిగిలాం. యూరియా సంచిని ఒక మూలలోకి ఇంకో మూల దోపి నెత్తిన వేసుకునేవాళ్లం. పుస్తకాలు బట్టల లోపల, చెప్పులు చేతిలో. కర్రతో లోతు చూస్తూ సుగుణ ముందు, ఆమె చెయ్యి పట్టుకుని వెనక నేను. ఈ సంగతులు చెబితే ఇక్కడి మనవాళ్లు "భలే రోజులు" అంటారు. ఏం భలే? తడి బట్టలతో సాయంత్రం దాకా కిందే కూర్చుని వణికిన రోజులవి.

హెడ్మాస్టరు గారిది ఒక పద్ధతి. ఒకరు రాకపోతే, వాగు వచ్చిందని రెండోవాళ్లు చుట్టుదారిన వెళ్లి సాక్ష్యం చెప్పాలి. అప్పుడు గైర్హాజరు పడదు, పరీక్షయితే మర్నాడు రాయనిస్తారు. మూడు నెలల పరీక్షప్పుడు వాగు నిండుగా పారింది. మా నాన్న నన్ను ట్రాక్టరు మీద వంతెన మీదుగా చుట్టు తిప్పి బడి దగ్గర దింపాడు.

"వాగొచ్చిందారా?" అన్నారు సారు.

"రాలేదు సార్" అన్నాను.

లెక్కల పరీక్ష. ఎప్పుడూ సుగుణే ఫస్టు, నేను సెకండు. కారణం అంతే, ఇంకోటి లేదు. మధ్యాహ్నం వాగు తగ్గాక ఆమె నడుం దాకా తడిసి వచ్చింది. వాగొచ్చిందంటే, అబద్ధాలాడుతున్నావని సారు ఆమె అరచేతులు వాచేలా కొట్టి, పరీక్ష రాయనివ్వలేదు. ఆమె నా వైపే చూసింది. నేను కాగితంలోంచి తల ఎత్తలేదు. "నిజం చెప్పిన పిల్లను కొట్టే బడి మాకొద్దు" అని వాళ్ల నాన్న ఆమెను పత్తి చేలోకి తోలుకెళ్లాడు. ఆ ఏడు నేనే ఫస్టు.

ఒంటిగంట దాటాక హానోవర్ చేరాను. శ్రావణి స్టేషనుకే వచ్చింది, అచ్చు వాళ్లమ్మ నడక. ట్రామెక్కి గదికి వెళ్లాం. పాలకూర పప్పు, అన్నం పెట్టింది. గది అద్దె ఎక్కువని, చిరునామా నమోదు చేయించే ఆన్మెల్డుంగ్‌కు అపాయింట్‌మెంట్ దొరకడానికి నెల పట్టిందని చెప్పింది. రెండోసారి వడ్డిస్తూ అడిగింది.

"మామా, మా అమ్మ క్లాసుల ఫస్ట్ అంట గదా. మరి బడి ఎందుకు బంద్ చేసింది? అడిగినప్పుడల్లా మీ మామనే అడుగు అంటది."

సుగుణ నన్నెందుకు పంపిందో అప్పుడు అర్థమైంది.

"వాగు వల్లనమ్మా. వానొస్తే దాటరాకపోయేది. మీ తాత భయపడ్డడు" అన్నాను.

తోటలున్నాయి, చెరువుంది, చూసి పొమ్మంది. మూడున్నర రైలుకు పరుగెత్తాను. హానోవర్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఆ పిల్ల పెట్టిన పప్పన్నం గురించే. అది తినే అర్హత నాకు లేదు.

ఆరింటికి కాసెల్ ప్లాట్‌ఫాం మీద ఉండగా శ్రావణి ఫోన్ చేసింది.

"మామా, మీరు చెప్పింది అమ్మకు చెప్పిన. 'ఇన్నేండ్లకు వాగొచ్చిందని ఒప్పుకున్నడా' అన్నది. అంటే ఏంది మామా?"

నా రైలుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. అప్పుడు చెప్పాను. ట్రాక్టరు సంగతి, సారు అడిగింది, నేనన్నది, ఎందుకన్నానో అదీ. ముప్పయ్యేళ్ల మాట చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పేస్తే మనసు తేలికవుతుందంటారు, నాకేం కాలేదు.



"సరే సార్. ఉంటా" అని శ్రావణి ఫోన్ పెట్టేసింది.