సగం మాటల మాస్టారు

కలేమా మాస్టారు ఒక మాటని పూర్తిగా పలకగా విన్నవాళ్ళు మా బడిలో లేరు. సగం ఆయన అంటారు, మిగతా సగం పిల్లలు అందుకోవాలి. "నామవాచకం అంటే ఒక పే...?" అని చెయ్యి గాల్లోకి లేపుతారు. "రు!" అని పైకప్పు రేకులు అదిరేలా పిల్లలు అరుస్తారు. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నేను ఆ అరుపు తగ్గేదాకా సుద్దముక్క పట్టుకుని నిలబడాలి. ఒళ్ళు మండేది. అయినా ఆయన్ని ఏమనగలం? మసాకా చుట్టుపక్కల ఇంగ్లీషు మాస్టారంటే ఆయనే. మా ఊళ్ళో ముసలమ్మలు కూడా ఆయనకి మటోకే అరటి గెల అమ్మేటప్పుడు వేళాకోళానికి సగం ధరే చెప్పి ఆగేవాళ్ళు.

ఆయన గొప్పంతా ఒక్క పేరు మీద నిలబడింది. ఆ పేరు నమ్యాలో. మా బడిలో చదివి, తర్వాత మసాకా హైస్కూలుకి వెళ్ళి, చివరికి కంపాలాలో డాక్టరైన పిల్ల. సూది మందు డాక్టరు కాదు. భాష ఎలా నేర్పాలో మాస్టర్లకే నేర్పే డాక్టరు. పెళ్ళికి వెళ్ళినా చావుకి వెళ్ళినా మాస్టారు మాటని ఎలాగోలా అక్కడికే తోలుకొచ్చేవారు. మన నమ్యాలోకి ఇంగ్లీషు నేర్పింది ఎవరు అని ఆయనే అడిగేవారు, జనం విసుక్కుంటూనే మీరే అనేవాళ్ళు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదేనని ఒకసారి స్టాఫ్ రూములో ఆయనకి వినపడేట్టే అన్నాను. వినపడనట్టు ఊరుకున్నారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఆ చెట్టు తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు.

పోయిన వానాకాలం నమ్యాలో మా బడికి వచ్చింది. కారు దిగి, బురద అని కూడా చూడకుండా మాస్టారి ముందు మోకరిల్లి పలకరించింది. ఆయన పాఠాన్ని రికార్డు చేసుకుంటానంది, దేశదేశాల భాషా టీచర్ల మహాసభలో వినిపిస్తానంది, టీచరు పేరు మాత్రం బయటపెట్టనంది. పేరు చెప్పినా ఫర్వాలేదమ్మా అన్నారు మాస్టారు. రూలు ఒప్పుకోదు మాస్టారూ అని ఆమె తల దించుకుంది. ఆయన తన రుమాలుతో బల్ల తుడిచి మరీ ఆ రికార్డరు పెట్టించుకున్నారు. పాఠం అయ్యాక ఆమె కొందరు పిల్లల్ని పనసచెట్టు కిందికి తీసుకెళ్ళి ఒక్కొక్కరితో మాట్లాడింది. దాన్ని మేమెవరం పట్టించుకోలేదు.

ఆ సభ ఎంటెబీలో, సరస్సు ఒడ్డు హోటల్లో పెట్టారు. నమ్యాలో ఆయన్ని పిలవలేదు. రేడియోలో విని ఆయనే బయల్దేరారు. హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర పిల్లలందరికీ చెప్పి చప్పట్లు కొట్టించాడు, జిల్లా ఆఫీసుకి వెళ్ళి రెండు పాసులు సంపాదించాడు. రెండోది నాది, మాస్టారి సంచి మొయ్యడానికి అన్నమాట. బొగ్గుల ఇస్త్రీ చేసిన కోటు పాడవుతుందని మాస్టారు దారిలో లుకాయా దగ్గర కాల్చిన అరటికాయ కూడా ముట్టలేదు. టాక్సీలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

హాల్లో మా పక్క కుర్చీలో మలావీ నుంచి వచ్చిన టీచరమ్మ కూర్చుంది. మిసెస్ చిర్వా అని మెడలో కార్డు. బొద్దుగా, నవ్వు మొహం. మా ఇద్దరికీ చెరో చాక్లెట్టు పెట్టింది. మాస్టారు బెరుగ్గా తల వంచి తీసుకున్నారు గాని నోరు విప్పలేదు.

నమ్యాలో వేదికెక్కింది. కాసేపు ఏదో చెప్పి, ఇప్పుడొక పల్లెబడి పాఠం వినండి అంది. మాస్టారు టై సర్దుకున్నారు. స్పీకర్లలోంచి ఆయన గొంతు హాలంతా నిండింది. "నామవాచకం అంటే ఒక పే...?" "రు!" ఎవరో నవ్వారు. మాస్టారూ నవ్వారు, మెచ్చుకుంటున్నారనుకుని. "అందరికీ అర్థ...?" "మైంది!" ఈసారి వరసలు వరసలుగా నవ్వారు. అందరి బళ్ళలోనూ ఉన్న రోగమే, కాబట్టే అంత బాగా నవ్వారని నా కడుపుమంట.

అప్పుడు పనసచెట్టు కింది ముక్క వచ్చింది. మా బాబిర్యే గొంతు. ముందు బెంచీలో కూర్చునే పిల్ల, అందరికన్నా గట్టిగా అరిచేది. నామవాచకం అంటే ఏమిటమ్మా అని నమ్యాలో అడిగింది.

"రు, మేడమ్."

మళ్ళీ ఆలోచించుకుని చెప్పమంది. కాసేపు కోళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ పిల్ల ఇంకా జాగ్రత్తగా, ఇంకా మర్యాదగా అంది. "రు."

నవ్వులతో హాలు పగిలిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారి వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. మిసెస్ చిర్వా కళ్ళు తుడుచుకుంటూ ఆయన వైపే వంగింది.

"ఈ మాస్టారు ఎవరోగాని, ఆ పిల్లల గతేమిటండీ, పాపం?"

ఆయన తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. నోరు విప్పితే దొరికిపోతారు మరి. అంతసేపూ అందరి చెవుల్లో మోగింది ఆ గొంతే. వెళ్ళిపోదాం పదండని కోటు లాగాను. కదల్లేదు. లేస్తే అందరూ చూస్తారని భయం. ముప్పై ఏళ్ళ పైచిలుకు నించుని పాఠం చెప్పిన మనిషికి లేచి నించోవడమే సిగ్గయిపోయింది.

టీ విరామంలో జనం తోపుకి మేమూ వరండాలోకి వచ్చిపడ్డాం. తలుపు ఎటుందా అని నేను వెతుకుతున్నాను. అంతలో అభినందించేవాళ్ళ మధ్య నుంచి వస్తున్న నమ్యాలో మమ్మల్ని చూసింది. మొహం పాలిపోయింది. ఆవిడ ఇంకో వైపు తిరిగి వెళ్ళిపోయుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. వెళ్ళిపోతే బాగుండునని ఆ క్షణంలో నేను దేవుణ్ణి వేడుకున్నాను. కాని ఎంత డాక్టరైనా మా వైపు పిల్లే కదా. ఎత్తు మడమల చెప్పులతో, బిగుతు స్కర్టుతో, ఆ తివాచీ మీద రెండు మోకాళ్ళూ ఆన్చింది.

"రోజెలా గడుస్తోంది, మాస్టారూ?"

ఆడపిల్ల మోకరిల్లి పలకరిస్తే పెద్దవాడు బదులిచ్చి, లేవమనాలి. అనేదాకా ఆమె లేవకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపి చూస్తున్నారు. మాస్టారు నా వైపు చూశారు, ఆ బదులేదో నువ్వు చెప్పరాదా అన్నట్టు. నేనేం చెయ్యను, నన్ను కాదు గదా పలకరించింది. నమ్యాలో తలెత్తకుండా రెండోసారి అడిగింది.

"బాగానే గడుస్తోందమ్మా."

అంతే. భాష మాదే అయినా, గొంతుని గుర్తుపట్టడానికి అనువాదం ఎందుకు? మిసెస్ చిర్వా కప్పు కిటికీ అంచున పెట్టేసి తన చేతులు రెండూ బిగించి పట్టుకుంది. ఆవిడ మొహం మాడిపోయింది. మిగతావాళ్ళు ఒకరినొకరు చూసుకుని, టీ మీదికి వంగారు. నవ్వినవాళ్ళకి కూడా సిగ్గుంటుందని అప్పుడు తెలిసింది నాకు, కాని అది మాస్టారికి ఏం ఉపయోగం?

ఆయన వాళ్ళెవరినీ చూడలేదు. నమ్యాలో తల వైపే చూస్తూ, ఆ జనానికి అర్థం కాని మా భాషలోనే, మెల్లిగా అడిగారు.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా, నామవాచకం అంటే ఏమిటో?"

అబద్ధం చెప్పు తల్లీ అని మనసులో మొరపెట్టుకున్నాను. ఒక్క ముక్క చాలు, మీ దగ్గరే అంటే ఆ ముసలాయన ఆ ముక్కతో ఇల్లు చేరుకుంటారు. కాని మోకరిల్లిన మనిషి అబద్ధమాడకూడదని మా వాళ్ళు చిన్నప్పుడే నూరిపోస్తారు.

"మసాకా హైస్కూలుకి వెళ్ళాక, మాస్టారూ."

కలేమా మాస్టారు తల ఊపారు. సరేనన్నట్టు మళ్ళీ ఊపారు. ఆమెని లేవమనడం మాత్రం మర్చిపోయారు.