సిగ్నల్ పైకి చెప్పాలి

శంకర్ నగర్‌లో మా తమ్ముడి ఇంటికి ఎవరొచ్చినా ఒక కథ వినాల్సిందే. నాన్న గుండెకు రోబో ఆపరేషన్ చేసిందట, డాక్టరు పక్క గదిలో టీ తాగుతూ కూర్చున్నాడట, మరమనిషంటే భయపడి నాన్న సంతకం పెట్టనన్నాడట. అన్నీ కోతలే. సంతకం అడిగినప్పుడు గదిలో ఉన్నది నేను. వాడు కింద కారు పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు.

మేముండేది హిందీ మాట్లాడే ఊరు. డాక్టరు "నస్ మే రుకావట్ హై" అన్నాడు. రక్తనాళంలో అడ్డు ఉందని. నాన్న నా వైపు తిరిగాడు.

"ఇన్నావేటే? నస ఆగిపోనాదట. నీది మాత్రం నాన్‌స్టాపు."

"ముందు ఆయన చెప్పేది విను నానా!"

గుండెలోకి పంపే సన్నని తీగను డాక్టరు స్వయంగా నెట్టడు. అద్దం వెనక కూర్చుని పిడి తిప్పుతాడు. మంచం పక్కనున్న యంత్రపు చేయి దాన్ని కదుపుతుంది. రోగి మెలకువగానే ఉంటాడు.

నాన్న ఉద్యోగమంతా రైలింజను నడిపాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"అక్కడ కూకుని ఏటి సేత్తన్నాడో పైకి సెప్పమను. లేపోతే సంతకం ఎట్టను."

ఇంజనులో నియమం అది. సిగ్నల్ కనబడగానే ఒకరు పైకి చెప్పాలి, రెండోవారు అదే తిరిగి చెప్పాలి. స్కూటరుకీ అదే రూలు. నేను భన్‌పురిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, తనకి సెలవు దొరికిన రోజు నాన్నే దింపేవాడు. లారీల మధ్య పచ్చ లైటు పడగానే వెనక సీటు నుంచి నేను హిందీలో "హరా!" అని అరవాలి. "హరా" అని ఆయన అన్నాకే బండి కదిలేది. నేను మొండికేస్తే పచ్చ లైటు ముందు కూడా అలాగే నిలబడేవాడు. వెనక హారన్ల మోతకి సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు ఆ దారిన ఒక్కదాన్నే వెళ్తున్నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

ఇదంతా హిందీలో చెబితే డాక్టరు నవ్వి, మైకులో ప్రతిదీ చెబుతానని, మంచం దగ్గరి టెక్నీషియన్ కుర్రాడు తిరిగి చెబుతాడని ఒప్పుకున్నాడు. నాన్న సంతకం పెట్టాడు.

బయటికి తెచ్చాక నాన్న అన్నాడు: "సెప్పాడే. ఆ కుర్రోడు మర్సిపోతే నానే బదులిచ్చీసినాను. ఒక్క కాడ మాత్రం ఇద్దరూ నోరు మూసీసినారు. శానాసేపు."

అక్కడ ఏమైందని వెళ్లి డాక్టరునే అడిగాను. "సబ్ ఠీక్ హో గయా నా?" అంతా బాగైపోయిందిగా అని ఆయన ఫైలు మూసేశాడు.

ఠీక్ అయింది, కాదనను. ఆ తర్వాత నాన్న చాలా ఏళ్లు హాయిగా తిరిగాడు, నన్ను వెక్కిరిస్తూనే పోయాడు. యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మాట ఇచ్చిన మనిషి ఆ కాసేపు ఎందుకు మాట్లాడలేదు?